ఊ కొట్టని కంప్యూటరు

పాలు విరిగితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. పప్పు మాడితే పక్కింటివాళ్ళకి కూడా తెలుస్తుంది. బల్బు మాడిపోతే ఇంట్లో చీకటే సాక్ష్యం. కాని శబ్దం పాడైందంటే మాత్రం ఒక పట్టాన ఎవరూ ఒప్పుకోరు. "నాకు బాగానే వినిపిస్తోందే!" అంటారొకరు. "ఏదో గరగరలాడుతోంది" అంటారు మరొకరు. "ఒక్క ముక్క అర్థం కావడం లేదర్రా" అని ఇంకెవరైనా అన్నారో, "అందరికీ వినిపిస్తుంటే నీకేం వచ్చింది?" అని వాళ్ళ మీదికే వెళ్తారు. ఎవరి చెవి వాళ్ళ సొంతం. పక్కవాళ్ళ చెవిలో దూరి చూసొచ్చే వీలు భగవంతుడు మనకి కల్పించలేదు. అందుకే, కంప్యూటరు గొంతు పాడైన ఇంట్లో మనుషుల మధ్య మాటలు కూడా కాస్త పాడవుతాయి.

మా కంప్యూటరు డ్రాయింగు రూములో కిటికీ పక్కన బల్ల మీద ఉంటుంది. వారంలో ఆరు రోజులు అది నాది. నా నవలల్లో నాయికలు కన్నీళ్ళు పెట్టుకునేదీ, నాయకులు ఆలస్యంగా పశ్చాత్తాపపడేదీ దానిమీదే. ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకి మాత్రం అది మా అత్తగారి సొత్తు. టెక్సాస్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి ఆ వేళకి పిలుస్తుంది. మనకి ఆదివారం కాఫీల వేళయితే దానికి శనివారం రాత్రి. అత్తగారు తలస్నానం చేసి, గంజి పెట్టిన చీర కట్టుకుని, ఏడున్నరకే కుర్చీలో కూర్చునేవారు. సెల్‌ఫోను తెర ఆవిడ కళ్ళకి ఆనదు. కంప్యూటరులో అయితే "పిల్ల నిండుగా కనిపిస్తుంది" అనేవారు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి, మాటలు మొదలైన అయిదు నిమిషాలకే "సరేనమ్మా, మీరు మాట్లాడుకోండి" అని లేచి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. ఒక వారం నడుం నొప్పన్నారు. ఇంకో వారం పూజకి వేళ మించిపోతోందన్నారు. మూడో వారం అసలు కుర్చీ దగ్గరికే రాలేదు. మా ఆడపడుచు ఫోను చేసి, "అమ్మ మనసుకి ఏదో కష్టం తగిలినట్టుంది వదినా, పిల్లమీద అలిగిందా ఏం?" అంది. అటు మా అమ్మాయేమో, "మామ్మకి నాతో మాట్లాడ్డం ఇష్టం లేదా అమ్మా? ఏం చెప్పినా ఉలకదు, పలకదు. గుడ్లప్పగించి చూస్తుంది" అని దిగులుపడింది. వాళ్ళిద్దరి మధ్యా దగ్గర దగ్గర 14 వేల కిలోమీటర్ల దూరం. దాంట్లోకి 'అలక' అనే మాట ఒకటి వచ్చి పడిందంటే మళ్ళీ తియ్యడం ఎంత కష్టమో సంసారం చేసినవాళ్ళందరికీ తెలుసు. పైగా అత్తగారికి 78 ఏళ్ళు. ఆ వయసులో ఆదివారాలు ఊరికే పారబోసుకునేవి కావు.

ఇంట్లో సలహాలకేం కొదవ లేదు. మావారికి శబ్దం విషయంలో తెలిసిన మందు ఒకటే: వాల్యూము పెంచడం. పెంచితే గరగర కూడా సమానంగా పెరిగింది. మా అబ్బాయి, "ఈ స్పీకర్లు పారేసి కొత్తవి కొనెయ్యండి నాన్నా" అన్నాడు, ఆ కొనేదేదో తన గదిలో పెట్టించుకోవచ్చని కాబోలు. పక్కింటి పిన్నిగారబ్బాయి వచ్చి చూసి, "డ్రైవర్లు మార్చాలాంటీ" అని తేల్చాడు. అత్తగారు ఆ మాట ఎలా విన్నారోగాని, "కంప్యూటరుకి డ్రైవరెందుకే? జీతమెంతట?" అని అడిగారు. డ్రైవరంటే కంప్యూటరుకీ, శబ్దం పుట్టించే పరికరానికీ మధ్య ఉండే దుబాసీలాంటి ప్రోగ్రామని ఆ పిల్లవాడు ఓపిగ్గా చెప్పాడు. పాపం, మార్చి కూడా చూశాడు. దుబాసీ మారాడు గాని భాష బాగుపడలేదు.

నేను బి.ఏ.లో చదివింది చరిత్ర, తెలుగు. కరెంటు సంగతి నాకు తెలిసినంతవరకు స్విచ్చి వెయ్యడం, నెలనెలా బిల్లు కట్టడం. అయినా కథలు రాసేవాళ్ళకి ఒక అలవాటుంటుంది. ఎవరైనా "బాగాలేదు" అంటే, "ఎలా బాగాలేదు?" అని అడుగుతాం. డాక్టరు దగ్గరికెళ్ళి "ఒంట్లో బాగాలేదు" అని కూర్చుంటే మందివ్వడు కదా! తలనొప్పో, కడుపునొప్పో చెప్పాలి. 'సౌండు బాగాలేదు' అన్న ఒక్క మాట కింద ఎన్ని జబ్బులున్నాయో చూడండి: గుయ్యిమనే హోరు ఒకటి, చిటపటలొకటి, మన మాట మనకే తిరిగి రావడం ఒకటి, మాటలు ముక్కలు ముక్కలుగా తెగిపోవడం ఒకటి, బావిలోంచి మాట్లాడినట్టుండడం ఒకటి. ఒక్కొక్కదానికి పుట్టిల్లు వేరు.

ఇంకో సంగతి వంటింట్లో నేర్చుకున్నది. పులుసు కుదరలేదని ఉప్పూ, కారం, బెల్లం ఒకేసారి గుమ్మరిస్తే, కుదిరినా ఎందుకు కుదిరిందో తెలియదు, చెడితే ఎందుకు చెడిందో తెలియదు. ఒక్కటి వెయ్యాలి, రుచి చూడాలి. కంప్యూటరు దగ్గరా అంతే. ముందు దాంట్లోనే దాచిపెట్టుకున్న పాట ఒకటి పెట్టి వినాలి. అదీ బాగాలేకపోతే దోషం మన స్పీకర్లలోనో, తీగల్లోనో ఉందన్నమాట. ఇంటర్నెట్టును తిట్టి లాభం లేదు. పాట బాగుండి, మనుషుల మాట ఒక్కటే బాగాలేకపోతే అప్పుడు మైకునీ, నెట్టునీ, అవతలివైపునీ అనుమానించాలి. స్పీకర్లు తీసి ఇయర్‌ఫోన్లు పెట్టి చూస్తే, స్పీకర్ల తప్పు అవునో కాదో తేలిపోతుంది. ఇదంతా అరగంట పని. రూపాయి ఖర్చు లేదు.

పాటలు పెట్టగానే మా ఇంట్లో ఒక విచిత్రం బయటపడింది. కొత్త సినిమా పాటలో డప్పులూ, గిటార్లూ దంచి కొడుతున్నాయి. పాడే మనిషి గొంతు మాత్రం పక్క వీధిలోంచి వస్తున్నట్టు ఉందా లేదా అన్నట్టుంది. సరే, పాతకాలపు సుప్రభాతం పెట్టి చూద్దామంటే దానికి అసలు ఊపిరే లేదు. చెవి దగ్గర పెట్టుకుంటే చీమ పాడినట్టుంది. అత్తగారు బుగ్గన వేలేసుకుని, "చూశావుటే, దేవుడి పాటంటేనే దానికి గిట్టడం లేదు. కలికాలం!" అన్నారు.

కలికాలం సంగతేమోగాని, కంప్యూటరు వెనకాల స్పీకరు ప్లగ్గు సగమే దూరి ఉంది. ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలి జారి ఉంటుంది. ఆ ప్లగ్గును బయటికి తీసి చూడండి. 3.5 మిల్లీమీటర్ల సన్నటి పుల్లమీద నల్లగీతలు గీసి మూడు భాగాలు చేసి ఉంటాయి. కొసన ఉన్నది ఎడమ స్పీకరుకి, మధ్యలోది కుడి స్పీకరుకి, మొదట్లో ఉన్నది రెండింటికీ ఉమ్మడిగా తిరుగుదారి. ప్లగ్గు కాస్త జారితే ఆ ఉమ్మడి దారి తెగుతుంది. అప్పుడు స్పీకర్లకి అందేది ఎడమకీ కుడికీ మధ్య ఉన్న తేడా మాత్రమే. సినిమా పాటల్లో వాయిద్యాలను అటు కొన్ని, ఇటు కొన్ని సర్దుతారు. గాయకుల గొంతును నడిమధ్యన, రెండువైపులా సమానంగా ఉంచుతారు. సమానంగా ఉన్నది ఒకదాన్నొకటి కొట్టేసుకుని పోతుంది, తేడా ఉన్న డప్పులు మిగులుతాయి. మా సుప్రభాతం పాతకాలం మోనో రికార్డింగు, రెండు వైపులా ఒకటే శబ్దం. కాబట్టి మొత్తం పోయింది. అమెరికా నుంచి వచ్చే మనవరాలి మాట కూడా అలాంటిదే.

ప్లగ్గు లోపలికంటా నొక్కగానే దేవుడి పాట గదంతా నిండింది. ఆ పక్కనే ఉండే రంగు రంగుల కంతలు కూడా ఒకసారి చూసుకోవడం మంచిది. ఆకుపచ్చది స్పీకర్లకి, గులాబీరంగుది మైకుకి, లేతనీలంది బయటి టేపురికార్డరు లాంటివాటి శబ్దం లోపలికి తీసుకోవడానికి. 1990ల చివర్లో కంప్యూటర్లకి కుదుర్చుకున్న రంగులివి. మట్టెలకీ, ఉంగరాలకీ ఏ వేలు ఏదో మనకి తెలియదూ, అలాగే.

గొంతు తిరిగి వచ్చింది గాని, దాని వెనకాల తుమ్మెద దూరినట్టు ఒకటే 'గుయ్యి'. మన దేశంలో ఇళ్ళకొచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. ఆ ఊపు ఎక్కడన్నా స్పీకరు తీగలోకి చొరబడితే ఇలా హోరుగా వినిపిస్తుంది. మా కంప్యూటరు డబ్బాను చేత్తో ముట్టుకుంటే వేళ్ళు చిమచిమలాడుతున్నాయనీ, అప్పుడు హోరు కూడా మారుతోందనీ కనిపెట్టింది మా పనిమనిషి. ఆ మాట పట్టుకుని ఎలక్ట్రీషియన్ని పిలిపిస్తే, బోర్డు విప్పి చూసి నవ్వాడు. మూడో కంతకి ఎర్తు తీగ తగిలించనే లేదు! పైకి చూస్తే మూడు కంతలూ ఉన్నాయి, లక్షణంగా ఉన్నాయి. వెనకాల ఏమీ లేదు. కొన్ని పెళ్ళి సంబంధాల్లాగే. ఎర్తు కలిపాడు, తుమ్మెద ఎగిరిపోయింది. శబ్దం సంగతి అటుంచి, ఎర్తు లేకపోవడం ప్రాణాలకే ముప్పు. మూడో పుల్ల అడ్డమొస్తోందని విరిచేసి రెండు పుల్లల ప్లగ్గులా వాడే ఇళ్ళు నేను చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళకి ఇంకో తేలిక పరీక్ష ఉంది: ఛార్జరు తీసేసి వినండి. హోరు ఆగిపోతే మూలం ఆ కరెంటు దారిలోనే ఉన్నట్టు.

ఈ హడావిడి చూసి మా అబ్బాయికి జాలి కలిగింది. తన తీగలేని హెడ్‌ఫోన్లు తెచ్చి మామ్మ చెవులకి తగిలించాడు. బ్లూటూత్‌తో నడిచేవి. ఆ పేరు పదో శతాబ్దంలో డెన్మార్కును ఏలిన హెరాల్డ్ బ్లూటూత్ అనే రాజుగారిదని చెబితే వాడికి ఆశ్చర్యం. చరిత్ర చదివినందుకు అదొక్కటీ అక్కరకొచ్చింది. వాటిలో త్యాగరాజ కీర్తన వింటూ అత్తగారు తల ఊపారు. "పక్కన కూర్చుని పాడుతున్నట్టుంది" అన్నారు. తీరా మనవరాలు పిలిచేసరికి ఆ పిల్ల గొంతు ట్రంకు కాల్ గొంతయిపోయింది. మీకు గుర్తుందో లేదో, ఆ రోజుల్లో బుక్ చేసి, గంటలకొద్దీ ఎదురుచూసి, చివరికి 'హలో హలో' అని అరిచి పెట్టేసే ట్రంకు కాల్!

ఇదీ కారణముండే జరిగింది. ఆ హెడ్‌ఫోన్లకి రెండు దారులున్నాయి. పాటలకి విశాలమైన రోడ్డు, అయితే అది ఒకవైపు మాత్రమే నడిచేది. మాటలకి రెండువైపులా నడిచే సందు. హెడ్‌ఫోన్ల మీదే ఉన్న మైకు తెరుచుకోగానే కంప్యూటరు పెద్దరోడ్డు మూసేసి సందులోకి మళ్ళిస్తుంది. పడుచు చెవి సెకనుకి 20 ఊపుల మందర స్వరం నుంచి 20,000 ఊపుల సన్నటి స్వరం దాకా వినగలదు. పాత టెలిఫోను మోసుకొచ్చింది 300 నుంచి 3,400 దాకానే. ఈ సందు పాత రకం పరికరాల్లో ఇంచుమించు అంతే ఉంటుంది, కొత్తవాటిలో కాస్త వెడల్పు. విరుగుడు సులువు. సెట్టింగుల్లోకి వెళ్ళి, వినడానికి హెడ్‌ఫోన్లు, మాట్లాడ్డానికి కెమెరాతో వచ్చిన వేరే మైకు అని విడివిడిగా ఎంచుకోవాలి. హెడ్‌ఫోన్ల మైకును ముట్టుకోకపోతే పెద్దరోడ్డు తెరిచే ఉంటుంది. మా అబ్బాయి రెండు నిమిషాల్లో మార్చేశాడు.

కాని హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే తల బరువంటారు అత్తగారు. కొప్పుకి అడ్డం. మళ్ళీ స్పీకర్లే గతి అయ్యాయి. అప్పుడు బయటపడింది అసలు కథ.

"అమ్మా, నా మాట నాకే తిరిగొస్తోంది, మీ నెట్టు బాగుందిగాని నా నెట్టే బాగాలేదనుకుంటా" అంది మా అమ్మాయి. నిజానికి ప్రతిధ్వని ఎవరికి వినిపిస్తే దోషం వాళ్ళింట్లో ఉండదు, అవతలివాళ్ళింట్లో ఉంటుంది. దాని మాట మా స్పీకర్లలోంచి బయటికొచ్చి, మా మైకులో దూరి, మళ్ళీ సముద్రాలు దాటి దాని చెవినే పడుతోంది. ఇది జరగకుండా చూడ్డానికి ఇలాంటి కార్యక్రమాల్లో ఒక కాపలాదారు ఉంటాడు. అవతలివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ ఇవతలి మైకులోంచి వాళ్ళ గొంతును ఏరి పారెయ్యడం అతని ఉద్యోగం. స్పీకరు పెద్దగా మోగుతుంటే ఏరడం చేతకాక, ఇవతలి మైకు పీకే నొక్కేస్తాడు. అతనికి తోడు మరొకడున్నాడు. ఫ్యాను చప్పుడు, వీధి రొద లాంటివాటిని చెత్త కింద లెక్కేసి ఊడ్చేసేవాడు.

మా అత్తగారు గుంటూరు జిల్లా పల్లెటూళ్ళో పుట్టి పెరిగిన మనిషి. ఎవరు ఏం చెప్పినా 'ఊఁ... ఊఁ...' అంటూ వినడం ఆవిడకి చిన్నప్పటినుంచీ వచ్చిన మర్యాద. ఊ కొట్టకపోతే కథ చెప్పేవాళ్ళు ఆపేస్తారు. ఊ కొడుతున్నంతసేపూ చెప్పేవాళ్ళకి హుషారు. మా అమ్మాయి ఆవిడ పక్కలో పడుకుని కథలు వింటూ, తను ఊ కొడుతూ పెరిగిన పిల్లే. ఇప్పుడు అది అమెరికా కబుర్లు చెబుతుంటే ఆవిడ ఊ కొడుతున్నారు. ఆ 'ఊఁ' మెత్తగా, పొట్టిగా, అవతలి మాట మీద పడేది. కాపలాదారులిద్దరూ కలిసి దాన్ని గడప దాటనివ్వడం లేదు. మామ్మ ఉలకదు పలకదు అని మనవరాలు అన్నది ఇందుకే! ఇవతల ఆవిడ గంటసేపు ఊ కొట్టినా అవతలికి చేరింది నిశ్శబ్దం. ఊ లేని శ్రోతకి కథ ఎవరు చెబుతారు? అదీ మాట ఆపేసేది. అది ఆపేసిందని ఈవిడ లేచిపోయేవారు.

ఇది తెలిశాక స్పీకర్లను మైకుకి దూరంగా, ఆవిడ చెవులకి దగ్గరగా జరిపాం. దగ్గరైంది కాబట్టి వాల్యూము సగానికి తగ్గించినా చాలింది. తగ్గించేసరికి కాపలాదారుకి పని తగ్గింది. ఆవిడ 'ఊఁ' చాలావరకు గడప దాటింది. ఆ ఆదివారం మా అమ్మాయి మొహం చూడాలి మీరు. "మామ్మా, నువ్వు వింటున్నావే!" అంది. పిచ్చిపిల్ల.

ఇక్కడితో ఆపేస్తే కథ సుఖాంతమే. నా నవలైతే ఇక్కడే 'సమాప్తం' అని రాసేద్దును.

పాటలు బాగున్నాయి, హోరు లేదు, ప్రతిధ్వని లేదు. అయినా రెండు వారాలు గడిచాక అత్తగారు, ఎవరూ లేకుండా చూసి, వంటింట్లో నా పక్కన పీట వేసుకుని కూర్చుని అన్నారు: "అమ్మాయ్, గొంతు వినిపిస్తోందే. మాటే తెలియడం లేదు."

ఆ వాక్యం విన్నాక నాకు రాత్రి నిద్రపట్టలేదు. గొంతు వినిపించడం వేరు, మాట తెలియడం వేరు. మన మాటల్లో అచ్చులు బరువైనవి. అ, ఆ, ఓ లాంటివి కింది స్వరాల్లో గట్టిగా పలుకుతాయి. స, ష, త, ప, క లాంటి హల్లులు తేలికైనవి. ముఖ్యంగా 'స' బలమంతా 4,000 ఊపుల పైనే ఉంటుంది. వయసు పైబడ్డ చెవికి మొట్టమొదట దూరమయ్యేది ఆ పైస్వరాలే. అందుకని గొంతు పెద్దగానే వినిపిస్తుంది, మాటల అంచులు మాత్రం అరిగిపోతాయి. 'పస', 'పట', 'పక' అన్నీ ఒకేలా ఉంటాయి. గట్టిగా అరిస్తే బరువైన అచ్చులే ఇంకా పెద్దవవుతాయి. మాట తెలియకపోగా, తిడుతున్నారేమోనన్న బాధ ఒకటి అదనం.

మరి ఇంట్లో మనతో బాగానే మాట్లాడుతున్నారు కదా అని మావారు అడిగారు. ఇంట్లో పెదవుల కదలిక కనిపిస్తుంది. ఏ వేళకి ఏ మాట వస్తుందో ముందే తెలుసు. "కాఫీ తాగుతారా" అన్నది సగం వినిపించినా సరిపోతుంది. అమెరికా పిల్ల చెప్పే కొత్త సంగతులకి అలాంటి ఆసరా ఏదీ లేదు. బొమ్మలో పెదవి ఒకప్పుడు కదిలితే మాట మరొకప్పుడు వస్తుంది. మంచి చెవులున్నవాళ్ళం కాబట్టి, కంప్యూటరు మింగేసిన అక్షరాల్ని మనసులో పూరించుకుని "బాగానే ఉందిగా" అనేస్తాం. మనకి కాస్త చికాకు కలిగించిన గరగర, ఆవిడకి అడ్డుగోడ అయింది. ఆ గోడ అవతల ఉండిపోయి, అడిగితే విసుక్కుంటారేమోనని నడుంనొప్పి సాకు చెప్పుకున్నారు.

చెవి పరీక్షకి రమ్మంటే మొదట ససేమిరా అన్నారు. "కళ్ళజోడు పెట్టుకున్నవాణ్ణి పంతులుగారంటారు. చెవికి మిషను పెట్టుకున్నదాన్ని చెవిటిదంటారు. నాకొద్దు" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. లోకం తీరు అలాగే ఉంది మరి. చివరికి ఒప్పించింది మనవరాలు. "మామ్మా, నీకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. అందరి ముందూ అరిచి చెప్పేవి కావు" అంది. ఆడపిల్ల రహస్యాల ముందు ఏ మామ్మ పట్టుదల నిలుస్తుంది?

పరీక్షలో నొప్పేమీ ఉండదు. ముందు డాక్టరు చెవిలో గుబిలి గట్టిపడిందేమో చూస్తారు. ఒక్కొక్కప్పుడు కథంతా దానితోనే తేలిపోతుంది. మా అత్తగారికి అదేమీ లేదు. తర్వాత అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, 250 నుంచి 8,000 ఊపుల దాకా ఒక్కొక్క స్వరం సన్నగా వినిపిస్తారు. వినపడగానే మీట నొక్కాలి. కుడిచెవికి ఎర్ర సున్నాలు, ఎడమచెవికి నీలం ఇంటూ గుర్తులు పెట్టి కాగితం మీద గీత గీస్తారు. అత్తగారి గీత ఎడమ వైపున కాస్త మామూలుగానే నడిచి, మధ్యకొచ్చాక ఘాటురోడ్డులా కిందికి జారిపోయింది. రెండు చెవులకీ అంతే. ఆవిడ ఆ కాగితం తిప్పి తిప్పి చూసి, "ఎన్నాళ్ళనుంచీ ఇలా ఉందమ్మా?" అని ఆ పరీక్ష చేసిన అమ్మాయిని అడిగారు. "చాలా ఏళ్ళయి ఉంటుందండీ, మెల్లిగా వస్తుంది కాబట్టి తెలియదు" అందా అమ్మాయి. అత్తగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "అయితే మీ మామగారు పోయేముందు నాకేదో చెప్పారే, అది నాకు తెలియలేదు. మళ్ళీ చెప్పమనడం బాగుండదని ఊరుకున్నాను" అన్నారు నాతో. ఆటోలో ఇంటికొచ్చేదాకా ఆవిడ చెయ్యి నా చేతిలోనే ఉంది.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే ఇంత వివరంగా రాయను. 60 ఏళ్ళు దాటినవాళ్ళలో నూటికి పాతికమందికి పైగా, రోజువారీ బతుకుకి అడ్డొచ్చేంత వినికిడి లోపం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే మీ వీధిలో ప్రతి నలుగురు పెద్దవాళ్ళలో ఒకరన్నమాట. హైదరాబాదులో కోఠీలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉంది. హైదరాబాదువారే అయిన అలీ యావర్ జంగ్ పేరుమీద 1983లో బొంబాయిలో పెట్టిన జాతీయ వినికిడి సంస్థకి సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఎక్కడికన్నా వెళ్ళండి, పరీక్ష మాత్రం చేయించండి.

మిషను పెట్టుకోగానే అద్భుతాలు జరుగుతాయనుకోవద్దు. మొదటి వారం అత్తగారు దాన్ని తీసి మూడుసార్లు బల్లమీద పెట్టారు. కుక్కరు కూత, నా గాజుల చప్పుడు, న్యూసుపేపరు మడత విప్పిన చప్పుడు కూడా బుర్రలో మేకులు కొట్టినట్టున్నాయన్నారు. ఏళ్ళ తరబడి వినని శబ్దాలను మెదడు మళ్ళీ సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. రోజూ గంటో రెండు గంటలో పెంచుకుంటూ పోవాలి. నాలుగో వారం ఒకరోజు పప్పులో తాలింపు వేస్తుంటే గుమ్మంలో నిలబడిపోయారు. "ఆవాలు చిటపటమంటున్నాయే!" అన్నారు. ఇన్నాళ్ళూ వాసననిబట్టి తెలుసుకుంటున్నారట, చప్పుడు ఎప్పుడు పోయిందో గుర్తే లేదట.

మనవరాలికి కూడా కొన్ని చెప్పాను. దీపం మొహం మీద పడేలా కూర్చోవాలి, వెనకనుంచి కాదు. అరవకూడదు, కాస్త నెమ్మదిగా, ముక్క ముక్కా తెలిసేట్టు చెప్పాలి. ఏ సంగతి చెప్పబోతున్నదో ముందు ఒక మాటలో చెప్పి తర్వాత కథలోకి వెళ్ళాలి. తెలియలేదంటే అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పకుండా మరో మాటతో చెప్పాలి. "ఆఁ, ఏం లేదులే" అని మాత్రం అనకూడదు. చెవి తగ్గిన మనిషిని అంతకన్నా నొప్పించే మాట లేదు. ఇక్కడ మేము ఆ గంటసేపూ టీవీ కట్టేసి, కుక్కరు పెట్టడం మానేశాం. ఇప్పుడు ఆదివారం గంటన్నర పడుతోంది. తలుపు దగ్గరగా వేసుకుని ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో నాకు చెప్పరు. లోపల్నుంచి 'ఊఁ... ఊఁ...' మాత్రం వినిపిస్తుంటుంది.

ఒక్కటే ఇబ్బంది వచ్చిపడింది. మొన్న రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ మావారూ నేనూ, ఆ మిషను ఖరీదు గురించీ, ఈ నెల బడ్జెట్టు గురించీ గొంతు బాగా తగ్గించి లెక్కలు వేసుకుంటున్నాం. మునుపటిలా ధైర్యంగానే. హాల్లోంచి ఠంగుమని కేకొచ్చింది:

"ఎంతా? మరి బేరమాడారా లేదా?"